ఇప్పచెట్ల కింద నీళ్ళు ఇంకని చోటు

శనివారం సాయంత్రం మా ఆయన కార్తీక్ ఫోనుకు ఒక పోల్ వచ్చింది. వికారాబాద్ దాటాక మేము కొన్న ఫార్మ్ ప్లాట్ల ఓనర్ల గ్రూపులో. "ఇప్పతోపు కింద నేల గొర్రెల వల్ల పూర్తిగా పాడైంది, ఫొటోలు చూడండి. గొర్రెల్ని అమ్మేసి, నేల చదును చేసి, టైల్స్ వేయిద్దామా? అవును, కాదు." గడువు ఆదివారం రాత్రి ఎనిమిది. నేను అన్నం కలిపి మా పాప జాను నోట్లో ముద్ద పెట్టేలోపే సగం మంది అవును నొక్కేశారు. ఆ సగంలో కార్తీక్ కూడా ఉన్నాడు.

"అందరూ నొక్కుతున్నారు కదా అని నొక్కాను. టైల్స్ అయితే పాపకు సేఫ్ కదా," అన్నాడు.

ప్లాటు రిజిస్ట్రేషన్ నా పేరు మీద ఉంది. గ్రూపులో ఉన్నది అతని నంబరు. ప్లాటుకు ఒక్క నంబరే అని ప్లాట్లు అమ్మిన కంపెనీ నియమం. ఆ ఒక్క నంబరు ఎవరిది అని ఎవరూ అడగరు, మగవాళ్ళవే చేర్చుకుంటూ పోయారు. మేము ఆ ప్లాటు కొన్నది మామిడి మొక్కల కోసమో, రేటు పెరుగుతుందనో కాదు. కొండాపూర్‌లో మా బాల్కనీ ఎదురుగా రెండేళ్ళుగా రెండు టవర్లు లేస్తున్నాయి. ఆ దుమ్ముకు మా పాప దగ్గుతూ నిద్రపోతుంది. మొదటిసారి ఆ స్థలం చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ పెద్ద ఇప్పచెట్ల కింద గంటసేపు పరుగెత్తింది, ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆ నీడ కోసం కొన్నాం. ఇప్పుడు ఆ వేళ్ళ మీద టైల్స్ వేస్తారట.

నేను చదివింది బీయస్సీ అగ్రికల్చర్. మా అనంతపురంలో చదువయ్యాక అందరిలాగే అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసి, ఇప్పుడు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. చదువు మరిచిపోయాననే అనుకున్నాను. ఆ ఫొటోలో నేల చూశాక కొంచెం గుర్తొచ్చింది. చెట్ల కింద ఒక్క గడ్డిపరక లేదు. ఎర్రమట్టి కుండలా నునుపు తేలి మెరుస్తోంది. గొర్రెల వల్ల నేల పాడవుతుందన్నది నిజమే. కానీ ఏ గొర్రెలు, ఎలా మేపితే అన్నది గ్రూపులో ఒక్కరూ అడగలేదు. కింద ఒకాయన గొర్రెల ఒంటి మీది పిడుదులు కుడితే పిల్లలకు జ్వరాలొస్తాయని రాశాడు. అది చదివి నాకూ భయం వేసింది. నిజం చెప్పాలంటే టైల్సే మంచివేమో అని కాసేపు అనిపించింది. అందుకే వెళ్ళి చూడాలనుకున్నాను.

ఆదివారం కార్తీక్‌కు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, లాప్‌టాప్ ముందు నుంచి లేవడానికి లేదు. పాపను తీసుకుని నేనే బయల్దేరాను. పాప పాలపొడి డబ్బా ఒకటి రెండు వైపులా మూతలు కోయించి గొట్టంలా చేశాను. కాలేజీలో ఈ పనికి పెద్ద ఇనుప వలయం ఉండేది. దాన్ని నేలలోకి కొంచెం దించి నీళ్ళు పోసి, ఎంతసేపట్లో ఇంకుతాయో చూస్తారు. నేల ఊపిరి తీసుకుంటుందో లేదో తెలుస్తుంది. డబ్బా, ఒక గాజు గ్లాసు, నీళ్ళ సీసాలు, దగ్గు సిరప్, రెండు జతల బట్టలు, పొడుగు సాక్సులు, దోమల క్రీము. ఇంత సామాను చూసి కార్తీక్, "అరుణాచల్‌కు వెళ్తున్నావా?" అన్నాడు.

ఏడున్నరకు హైటెక్ సిటీ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కాం. లింగంపల్లిలో దిగి, వికారాబాద్ వైపు వెళ్ళే ప్యాసింజర్ కోసం ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ తిన్నాం. టికెట్ ధర మా ఆఫీసు కాఫీలో సగం కూడా లేదు. వెళ్ళాలనుకునేవాళ్ళు కారు మానేసి ఇలాగే వెళ్ళండి. కారులో వెళ్తే కంపెనీ గేటు దగ్గర దిగుతారు, గేటు లోపలిదే చూస్తారు.

రైల్లో కిటికీ పక్కన ఖాళీ గంపలతో ఒకావిడ కూర్చుని ఉంది. తెల్లారక ముందే వచ్చి కూకట్‌పల్లిలో కొత్తిమీర, పుదీన అమ్ముకుని తిరిగి పోతోందట. జాను చేతిలోని డబ్బా చూసి, "ఇదేంది బిడ్డా, అడుగు లేదు?" అంది.

"మట్టికి నీళ్ళు తాగిస్తాం," అంది జాను.

"మంచిగ తాగియ్యుండ్రి. మీ సిటీలనైతే వాన పడ్తె మనుషులే తాగుతున్రు."

శంకర్‌పల్లిలో దిగుతూ పాప చేతిలో ఒక పుదీన కొమ్మ పెట్టింది. నేను వెంటనే శానిటైజర్ తీశాను. ఆవిడ చూసి నవ్వుకుంటూ దిగిపోయింది.

పదిన్నర దాటాక వికారాబాద్. స్టేషన్ బయట షేర్ ఆటో దొరుకుతుంది, నలుగురు నిండేదాకా కదలదు. మమ్మల్ని రోడ్డు మీద దించిన చోటు నుంచి కంపెనీ కంచె వెంబడి కొంచెం నడవాలి. ఈ నడకే ముఖ్యం. కంచెకు ఇవతల రోడ్డుకూ తీగకూ మధ్య పోరంబోకు ఒక పట్టీలా ఉంది. అందులోనూ ఇప్పచెట్లున్నాయి, మోదుగలున్నాయి. కింద గడ్డి పాప మోకాలి దాకా ఉంది. కొరికిన ఆనవాళ్ళున్నాయి, గొర్రె పెంటికలున్నాయి, కానీ గడ్డి వేరు దగ్గర పచ్చగా ఉంది. పెంటికల్ని పేడపురుగులు దొర్లించుకుపోతుంటే జాను వాటి వెనకే వంగి నడిచింది. రెండు మూడు చోట్ల చిటికెన వేలంత ఇప్పమొక్కలు లేస్తున్నాయి. అదే చెట్టు కొన్ని అడుగుల అవతల తీగ లోపల ఉంది, ఫొటోలో ఉన్న నున్నటి ఎర్రనేల మీద.

గేటు దగ్గర సైట్ మేనేజర్ ఫణిగారు ఎదురొచ్చారు. కాకినాడ వైపు మనిషి, మర్యాదస్తుడు.

"చెప్పకుండా వచ్చేశారేంటండీ మేడం. చెబితే లంచ్ చెప్పేవాడిని కదండీ. సార్ రాలేదా?"

"ప్లాటు నాది. తోపు చూద్దామని వచ్చాను."

ఆయన ముందు నడుస్తూ చెప్పుకొచ్చారు. పిల్లలు గొర్రెల్ని చూసి ముచ్చటపడతారని కంపెనీ ఇరవై పైచిలుకు గొర్రెల్ని కొన్నదట. ఇప్పచెట్ల కింద చుట్టూ తెల్ల రంగు వేసిన కంచె కట్టి అందులో వదిలారు. రాత్రీ పగలూ అక్కడే, ఎండా వానా అక్కడే. గడ్డి అయిపోతే బయటి నుంచి దాణా. వచ్చిన పిల్లలు క్యారెట్ ముక్కలు పెడతారు, తల్లిదండ్రులు ఫొటోలు తీస్తారు.

"ఇంత స్థలం ఉంది కదండీ, ఎప్పుడైనా వేరే చోటికి తోలారా?" అని అడిగాను.

"ఎక్కడికండీ? మిగతావన్నీ ప్లాట్లు. ఓనర్లు ఒప్పుకోరండి. ఒకాయన కారు టైరుకు పెంటిక అంటుకుందని నాకు ఫొటో పంపారు."

తోపు కింద కూర్చున్నాను. నేల మీద చెయ్యి వేస్తే మా అపార్ట్‌మెంటు పార్కింగ్ మీద వేసినట్టే ఉంది. చెట్ల మొదళ్ళలో బెరడు గొర్రెలు రాసుకుని రాసుకుని నున్నబడింది. వేళ్ళు బయటపడ్డాయి, వాటి మీద గిట్టల గీతలు. పైకి చూస్తే రెండు చెట్లకు చిటారు కొమ్మలు ఎండి ఉన్నాయి. పెంటికలు ఎండి రాళ్ళలా పడి ఉన్నాయి, ఒక్క పేడపురుగు లేదు.

"వీటికి కడుపులో పురుగుల మందు కూడా వేస్తామండి నెలనెలా. పిల్లలు ముట్టుకుంటారు కదా, మేం ఎక్కడా రాజీపడం," అన్నారు ఫణిగారు గర్వంగా.

నెలనెలా గొర్రెకు వేసిన మందు పెంటికలోకి రాదా, ఆ పెంటికలో పేడపురుగు బతుకుతుందా? నాకు అనుమానమే, రుజువు చేయలేను. కానీ పెంటిక మట్టిలో కలవడం లేదన్నది కళ్ళ ముందే ఉంది.

డబ్బా అంచును రాయితో కొట్టి నేలలోకి దించడానికే చెమట పట్టింది. నీళ్ళు పోశాను. జాను అరటిపండు తిని, చేతులు కడిగించుకుని, గొర్రెలన్నిటికీ పేర్లు పెట్టి తిరిగొచ్చింది. నీళ్ళు పోసినంత ఎత్తులోనే ఉన్నాయి. పక్క ప్లాట్ల మధ్య ఖాళీలో ఇంకోసారి చూశాను. అక్కడ గొర్రె అడుగే పెట్టలేదు. కానీ ఆకు రాలిందంటే ఊడ్చి తగలబెడుతున్నారు, గడ్డిని మెషిన్‌తో వేరు దాకా గొరుగుతున్నారు. డ్రోన్ వీడియోలో శుభ్రంగా కనిపించాలట. పైన అప్పడంలా పెచ్చు కట్టిన మట్టి. అక్కడ కూడా నీళ్ళు నిలబడ్డాయి.

మేం చేసే తప్పు ఇదే. అపార్ట్‌మెంటు కారిడార్ ఎలా ఊడిపిస్తామో అడవినీ అలాగే ఊడిపిస్తున్నాం. ఆకు చెత్త. పెంటిక మురికి. తర్వాత నేల పాడైందని, మా ఊడ్పు సంగతి ఎత్తకుండా, కదలనివ్వని గొర్రె మీద నెపం పెడుతున్నాం. పైగా దానికి ఓటింగు.

మూడోసారి డబ్బా తీసుకుని తీగ అవతల పోరంబోకులోకి వెళ్ళాను. డబ్బా చేత్తో నొక్కితేనే దిగింది. నీళ్ళు పోసి సీసా మూత పెట్టేలోపు సగం లేవు. జాను, "అయిపోయాయి, ఇంకా పొయ్యి," అని రెండుసార్లు పోయించింది. అక్కడి మట్టిగడ్డ ఒకటి గ్లాసు నీళ్ళలో వేశాను, గడ్డివేళ్ళు అల్లుకుని ఉండడంతో గడ్డ గడ్డలాగే నిలిచింది. తీగ లోపలి మట్టిగడ్డ వేస్తే చూస్తుండగానే విడిపోయి గ్లాసు అడుగున బురదయింది. అన్నీ వీడియో తీశాను.

అప్పుడే మోదుగల వెనక నుంచి, "ఏం దొంగిలిస్తున్నరమ్మా, మన్ను?" అని గొంతు వినిపించింది. గొర్రెలు, వాటి ముందు ఒక నల్ల మేక, వెనక భుజం మీద గొంగడితో నడివయసు మనిషి. పక్క ఊరి బాలమ్మ. గొర్రెలు ఆమెవే.

"ఇక్కడ గడ్డి ఇంత బాగుంది, మీరు ఒకసారి మేపి మళ్ళీ కొన్నాళ్ళు రారా?" అని అడిగాను, ఏదో నియమం చెబుతుందని.

"రాక? నాకైతే దినాం ఉండాల్ననే ఉంటది. మీ వాచ్‌మన్ ఉండనిస్తడా? కట్టె పట్టుకొని ఎల్లగొడ్తడు. ఇగ నేను గుట్టెంక పోయి, ఆడికెల్లి చెర్వు దిక్కు పోయి, తిరిగొచ్చేదాంక ఈడ గడ్డి లేస్తది. గంతే."

నాకు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. మేం జీతమిచ్చి పెట్టుకున్న వాచ్‌మన్ తరిమిన చోట నేల బతికింది. మేం ముద్దు చేసి దాణా పెట్టిన చోట చచ్చింది.

"మరి మీరు ఒకే చోట మేపితే ఇలాగే అవుతుందా?"

"ఎందుక్కాదు. మొన్న కరువుల పోనీకి జాగ లేక మా చెల్క పక్కనే తిప్పిన. గిట్లనే గచ్చు లెక్క అయింది. గొర్రెకేం తెల్సు బిడ్డా, నిలవెడ్తె నిలవడ్తది." మాట్లాడుతూనే చేతిలోని కొడవలి కర్రతో లేత ఇప్పకొమ్మ ఒకటి విరిచి మేకకు వేసింది. నేను మొహం చిట్లిస్తే, "ఒక్క కొమ్మకు గంత పరేషాన్ గాకు. నువ్వు చెట్టుకే గచ్చు జేయిస్తున్నవట గద, మీ వాచ్‌మనే చెప్పిండు," అంది. కంపెనీ గొర్రెల్ని అమ్మేశాక తీగకు బదులు గోడ కడతారని, ఈ పట్టీని కూడా కలుపుకుంటారని వాచ్‌మన్ చెప్పాడట. "గప్పుడు నా గొర్లను ఆకాశంల మేపుత."

కార్తీక్‌కు ఫోన్ చేశాను. "ఆదివారం పూట మట్టి తవ్వుతున్నావా?" అన్నాడు. వీడియోలు పంపాను, గ్రూపులో పెట్టమన్నాను. "రిలీజ్ అయ్యాక," అన్నాడు. రిలీజ్ అయ్యేసరికి ఎనిమిదవుతుంది.

కోపంతో తిరిగి లోపలికి వెళ్ళి ఫణిగారితో, "ఈ గొర్రెల్ని ఇప్పుడే నా ప్లాట్లోకి తోలించండి. రాత్రికి అక్కడే పడుకుంటాయి," అన్నాను.

"అమ్మో, కుదరదండి. అగ్రిమెంటు ప్రకారం ప్లాట్లో ఏది చెయ్యాలన్నా ఆఫీసు పర్మిషన్ కావాలండి."

"ఓనరు కోరితే సహజ ఎరువు వేయిస్తాం అని మీ బ్రోచర్లోనే ఉంది. నేను కోరుతున్నాను. మా అనంతపురంలో దీన్ని మంద పెట్టించడం అంటారు. చేలో గొర్రెల్ని రాత్రి పడుకోబెడతారు, అంతకన్నా ఎరువు లేదు. మొక్కలకు జాలీలున్నాయి, తినవు."

ఆయన ఎవరికో ఫోన్ చేశారు, ఎత్తలేదు. ఆదివారం కదా. కాసేపు చెమట తుడుచుకుని, "ఒక్క రాత్రికేనండి," అని కంచె గేటు తెరిచారు.

గొర్రెలు కదల్లేదు. గేటు దాకా వచ్చి వరుసగా నిలబడి మా చేతుల్లోకి చూశాయి, క్యారెట్ కోసం. వాచ్‌మన్ వెనక నుంచి అదిలిస్తే ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి మళ్ళీ చెట్టు మొదట్లోకే చేరాయి. కొన్నప్పటి నుంచి ఆ గేటు దాటలేదు. నడవడమే మరిచిపోయాయి. ఫణిగారికి కూడా అది చూసి మొహం వాడిపోయింది.

తీగ అవతల బాలమ్మ గొంగడి సర్దుకుంటూ నవ్వుతోంది. "గవి గొర్లు గాదు, సోఫాలు. ఆగుండ్రి, మా సర్పంచ్‌ని పంపిస్త."

సర్పంచ్ అంటే ఆ నల్లమేక. ఏ మందలోనైనా ముందు నడవడానికి ఒక మేక ఉంటుంది, గొర్రె దాని వెనక తల వంచుకుని పోతుంది. ఫణిగారు ఒకసారి నా వైపు, ఒకసారి గేటు వైపు చూసి, "సీసీ కెమెరా ఉందండి," అన్నారు నీరసంగా. అయినా బయటి గేటు తీసింది ఆయనే. మేక లోపలికి వచ్చింది, కంపెనీ గొర్రెల మధ్య ఒక చుట్టు తిరిగింది, బాలమ్మ నాలుకతో టిర్ర్ మని ఒక కూత వేయగానే వెనుదిరిగి నా ప్లాటు వైపు నడిచింది. ఒక గొర్రె వెళ్ళింది. దాని వెనక ఇంకోటి. తర్వాత అన్నీ. చివర్న పొడుగు సాక్సులతో మా జాను, డబ్బా చంకలో పెట్టుకుని. పిడుదుల సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చి దాని వెనక పరుగెత్తాను. తర్వాత కాళ్ళూ చెవుల వెనకా వెతికాను, ఒక్కటీ లేదు.

"పోల్‌లో అవును అని వస్తే పని ఎప్పుడు మొదలుపెడతారు?" అని వచ్చే ముందు అడిగాను.

"ఆషాఢం కదండీ ఇప్పుడు. మా ఎండీగారికి పట్టింపులు ఎక్కువ. ఆషాఢంలో ఇటుక కూడా కదపరండి. శ్రావణం రాగానే మంచిరోజు చూసి మొదలుపెడతారు."

నాలుగున్నర రైలు ఆలస్యంగా వచ్చింది. జాను నా ఒళ్ళో నిద్రపోయింది, దగ్గలేదు. శంకర్‌పల్లి దాటాక ఆకాశం నల్లబడింది. లింగంపల్లిలో మారి హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగేసరికి వాన కుండపోతగా ఉంది. స్టేషన్ కింద అండర్‌పాస్‌లో కార్లు సగం మునిగి హెడ్‌లైట్లు వేసుకుని నిలబడి ఉన్నాయి. ఆటోలు లేవు, ఉన్నవి రావు. మెట్ల దగ్గర మాలాంటివాళ్ళు ఓ యాభై మంది, చేతుల్లో ఫోన్లు.

జాను లేచి, స్టేషన్ చూరు కింద టైల్స్ వేసిన ఫుట్‌పాత్ మీద డబ్బా నిలబెట్టి, సీసాలో మిగిలిన నీళ్ళు పోసింది. నీళ్ళు డబ్బా అంచు కింద నుంచి అన్ని వైపులా పారిపోయాయి.

"అమ్మా, ఇది అసలు తాగదా?"

"తాగదు."

"మరి ఈ నీళ్ళు ఎక్కడికి పోవాలి?"

పక్కన ఒకాయన తన బూట్లలోకి వస్తున్న నీళ్ళు చూసుకుంటూ, "మా ఇంట్లోకి పోతాయమ్మా," అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మేం ఉద్యోగం చేసే చోటంతా ఇలా గచ్చు చేసి, వారమంతా ఆ నీళ్ళలో ఈది, ఆదివారం మట్టి కోసం రైలెక్కి వెళ్ళి, అక్కడ కూడా గచ్చు చేయడానికి ఓట్లేస్తున్నాం. పిల్లల భద్రత కోసమట.

నా బిడ్డ పోసిన నీళ్ళు కూడా వీడియో తీసి, మా ప్లాట్లో మంద పెట్టించిన సంగతి కూడా రాసి కార్తీక్‌కు పంపాను. పంపి ఫోన్ చేసి, "రిలీజ్ తర్వాత కాదు, ఇప్పుడు పెట్టు," అన్నాను. నా గొంతులో ఏం వినిపించిందో, పెట్టాడు. తన ఓటు కూడా కాదుకు మార్చాడు. గ్రూపులో నాలుగైదు చప్పట్ల బొమ్మలు వచ్చాయి. ఒకాయన "నైస్, కానీ టైల్స్ సేఫ్" అని రాశాడు. ఎనిమిదింటికి పోల్ ముగిసింది. అవును గెలిచింది, పెద్ద తేడాతోనే.

తొమ్మిది దాటాక ఇల్లు చేరాం. కార్తీక్ పాపకు తల తుడుస్తూ, "ముగ్గురు నీ నంబర్ అడిగారు," అన్నాడు. ఓనర్లు కాదు, వాళ్ళ భార్యలు. భర్తల ఫోన్లలో వీడియో చూశారట. ఒకావిడ ఒకే ఒక ప్రశ్న పంపింది: "మా ప్లాటు కూడా నా పేరు మీదే ఉందండి, నేనూ మంద పెట్టించుకోవచ్చా?"

పెట్టించుకోవచ్చు. బాలమ్మను అడిగితే మేకను పంపుతుంది, ఊరికే పంపదు, నాలుగు మాటలు అంటుంది. వెళ్ళాలనుకునేవాళ్ళకు చెప్పేది ఇదే: పొద్దున్నే లింగంపల్లిలో రైలెక్కండి, రెండు వైపులా మూతలు తీసిన డబ్బా ఒకటి పట్టుకెళ్ళండి, పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. ఆ మూడు చోట్లా నీళ్ళు పోసి, ఆ తర్వాత మీ ఇంట్లో ఏ నంబరు గ్రూపులో ఉందో ఆ మనిషికి చూపించండి. వచ్చే ఆదివారం ఆ ముగ్గురూ నేనూ, నలుగురం వెళ్తున్నాం. ఇప్పవేళ్ళ మీద టైల్స్ ఇంకా పడలేదు. ఆషాఢం ఇంకా ఉంది.